ఉమ్మడి డబ్బు, పన్నెండు పదాలు, ఒక సంతకం

ఒక రాత్రి పదకొండు దాటాక, కలిసి క్రిప్టోలో పెట్టుబడి పెట్టే మా గ్రూపులో కొత్తగా చేరిన ఒకాయన మెసేజ్ పెట్టారు: "నిన్న కొన్న టోకెన్లు నా వాలెట్‌లో కనపడటం లేదు. ఎవరైనా కాస్త చెప్పండి." రెండు నిమిషాలు కాకముందే ఆయనకు విడిగా ఇంకో మెసేజ్ వచ్చింది. పంపింది మా అడ్మినే అనుకున్నారాయన. అదే ఫొటో, అదే పేరు. పేరు చివర ఒక చుక్క ఎక్కువ ఉంది, అంతే తేడా. "కంగారు పడకండి సార్, మీ వాలెట్ సింక్ తప్పింది. ఈ లింకులో మీ 12 పదాలు ఎక్కిస్తే సరిపోతుంది" అని రాసుంది. ఆయన కాగితం ముందు పెట్టుకుని ఒక్కో పదం కొట్టుకుంటూ వెళ్లారు. పదకొండు అయ్యాయి. పన్నెండోది తన చేతిరాత తనకే అర్థం కాలేదు. "ఒక పదం తప్పుపడినా సింక్ అవుతుందా?" అని మళ్లీ గ్రూపులో అడిగారు. ముగ్గురం ఒకేసారి రాశాం: ఆపండి.

"పన్నెండోది కొట్టలేదు కదా, పర్వాలేదులెండి" అన్నారాయన. కానీ ఆ పన్నెండు పదాలే వాలెట్‌కి తాళం చెవి, అప్పటికే అది చేతులు మారినట్టే లెక్క. ఆ పదాలన్నీ 2048 పదాల జాబితా ఒకదాంట్లోంచి వస్తాయి. చివరి పదంలో కొంత భాగం, ముందున్న పదాలు సరిగా ఉన్నాయా అని చూసుకునే తనిఖీకి పోతుంది. కాబట్టి మొదటి పదకొండూ వరుసగా తెలిసినవాడికి సరిపోయే పన్నెండో పదాలు 128 మాత్రమే మిగులుతాయి. కంప్యూటర్‌కి అది రెప్పపాటు పని. పైగా బటన్ నొక్కేదాకా ఆగకుండా, కొట్టిన అక్షరం కొట్టినట్టే అవతలివాడికి చేరేలా కూడా ఇలాంటి పేజీలు తయారుచేస్తారు. అందుకని ఆ రాత్రే ఆయనతో కొత్త వాలెట్ తెరిపించి, కొత్త పదాలు రాసుకోమని, ఉన్నదంతా అందులోకి మార్పించాం. మార్చేటప్పుడు తెలిసింది అసలు సంగతి. యాప్‌లో ఆయన, టోకెన్లున్న నెట్‌వర్క్ కాకుండా వేరేది ఎంచుకుని ఉన్నారు. టోకెన్లు ఎక్కడికీ పోలేదు.

మేం డబ్బు కలిపి పెట్టేది తొమ్మిది మందిమే. కానీ మాట్లాడుకునే గ్రూపు లింకు చాలామంది చేతుల్లో ఉండేది. నోరు విప్పకుండా కూర్చున్నవాళ్లలో ఒకడు ఇలాంటి ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. అందరిలో అడగడం వల్ల ఆయన వాడి కంట్లో పడ్డారు, అందరిలో మళ్లీ అడగడం వల్లే బయటపడ్డారు. చిన్న గ్రూపుగా క్రిప్టోలో దిగేవాళ్లకు నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క సంఘటనలోనే ఉంది. గ్రూపు మీకు ఇవ్వగలిగింది నాలుగు జతల కళ్లు. తాళం చెవి మాత్రం దాని చేతికి వెళ్లకూడదు. ఈ రెండూ కలిసిపోయిన చోటే డబ్బు పోతుంది.

వాలెట్‌లో ఏముంటుంది?

వాలెట్ అన్న పేరే సగం గందరగోళానికి కారణం. పర్సు అనగానే అందులో డబ్బు ఉంటుందనుకుంటాం. క్రిప్టో వాలెట్‌లో నాణేలు ఉండవు. ఏ అడ్రస్‌కి (ఖాతా నంబరు లాంటిది) ఎంత ఉందన్న లెక్క బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి ఖాతా పుస్తకంలో ఉంటుంది, దాని కాపీలు ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఉంటాయి. బిట్‌కాయిన్ పుస్తకంలో మొదటి పేజీ 2009 జనవరి 3న రాశారు. అప్పటి నుంచి ప్రతి లావాదేవీ అందులో ఉంది. మీ వాలెట్ దాచేది ప్రైవేట్ కీ అనే ఒక పెద్ద అంకెను. ఆ అంకె ఉన్నవాళ్లే ఆ అడ్రస్ నుంచి డబ్బు కదపమని సంతకం పెట్టగలరు. మీరెవరు, మీ పేరేంటి అని పుస్తకం అడగదు. సంతకం సరిపోయిందా అన్నదొక్కటే చూస్తుంది.

ఆ అంకెను మనుషులు తప్పుల్లేకుండా రాసుకోలేరు కాబట్టి, దాన్ని మామూలు ఇంగ్లిష్ పదాలుగా మార్చే పద్ధతి ఒకటి 2013లో వచ్చింది. బిప్-39 అంటారు దాన్ని. 12 లేదా 24 పదాలు. సీడ్ ఫ్రేజ్ అని మనం పిలిచేది ఇదే. ఇది పాస్‌వర్డ్ లాంటిది అనుకోవద్దు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, దాన్ని మార్చిపెట్టే ఆఫీసు ఒకటి ఉంటుంది. ఈ పదాలకు అలాంటి ఆఫీసు లేదు. ఫోన్ పగిలినా, యాప్ తీసేసినా, ఆ కంపెనీయే మూతపడినా ఈ పదాలుంటే వేరే యాప్‌లో మీ డబ్బు మీకు కనపడుతుంది. అవి ఇంకొకరి దగ్గరుంటే, ఫోన్ మీ జేబులోనే ఉన్నా డబ్బు వాళ్లదే. సింక్ చేయడానికి, వెరిఫై చేయడానికి, ఎయిర్‌డ్రాప్ (ఉచితంగా పంచే టోకెన్లు) ఇవ్వడానికి ఈ పదాలు అడగాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ఉన్న వాలెట్‌ను కొత్త ఫోన్‌లోనో కొత్త పరికరంలోనో మీరే తిరిగి తెచ్చుకునేటప్పుడు తప్ప వాటిని ఎక్కడా కొట్టే పనే రాదు.

రాసుకోవడం దగ్గర కాస్త ఓపిక పట్టండి, ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. కాగితం మీద, విడి అక్షరాలతో, పక్కన వరుస నంబరు వేసి రాయాలి. వరుస మారితే వాలెట్ మారిపోతుంది. ఆ జాబితాలో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు. కాబట్టి మొదటి నాలుగు స్పష్టంగా ఉంటే మిగతాది చెరిగినా పదం దొరుకుతుంది. మా కొత్తాయనకు ఈ ముక్క ముందే తెలిసుంటే తన చేతిరాత గురించి ఎవరినీ అడగాల్సి వచ్చేది కాదు. ఫొటో తీయొద్దు. ఫోన్‌లోని ఫొటోలు మీకు తెలియకుండానే క్లౌడ్‌కి ఎక్కుతాయి, ఫొటోల్లో పదాలు వెతికే వైరస్‌లు ఉన్నాయి. మీ మెయిల్‌కి మీరే పంపుకోవడమూ అంతే ప్రమాదం.

రాశాక ఒక పరీక్ష చేయాలి. వాలెట్‌లో చాలా చిన్న మొత్తం వేయండి. యాప్‌ను పూర్తిగా తీసేయండి. కాగితం చూసి వాలెట్‌ను మళ్లీ తెచ్చుకోండి. అదే అడ్రస్, అదే మొత్తం కనపడితే అప్పుడు అసలు డబ్బు వేయండి. మొదటిసారి యాప్ తీసేసేటప్పుడు గుండె దడదడలాడుతుంది, నాకూ అలాగే అయింది. ఆ టెన్షన్ వంద డాలర్లతో పడితేనే మంచిది, పది వేల డాలర్లతో కాదు.

మరి ఇంత తలనొప్పి ఎందుకు, ఎక్స్చేంజ్‌లోనే (క్రిప్టో కొని అమ్ముకునే కంపెనీ దగ్గరే) ఉంచేస్తే పోలా అని అడుగుతారు. 2014 ఫిబ్రవరిలో మౌంట్ గాక్స్ అనే ఎక్స్చేంజ్ కుప్పకూలినప్పుడు సుమారు 8.5 లక్షల బిట్‌కాయిన్లు లెక్కకు రాలేదు. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే ఇంకో ఎక్స్చేంజ్ దివాలా తీసింది, దాని అధిపతి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్‌కు 2024లో 25 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఎక్స్చేంజ్‌లో కనపడే అంకె, మీకు ఇస్తామని వాళ్లు చెప్పిన మాట మాత్రమే. అయినా ఒకటి నిజాయితీగా చెప్పాలి. నిన్ననే మొదలుపెట్టి, కొద్ది మొత్తమే పెట్టినవాళ్లు కాగితం పారేసుకుని పోగొట్టుకునే అవకాశమే ఎక్కువ. వాళ్లు పేరున్న ఎక్స్చేంజ్‌లో కొన్నాళ్లు ఉంచడంలో తప్పులేదు. కాకపోతే లాగిన్‌కి ఎస్ఎంఎస్ కోడ్ బదులు ఆథెంటికేటర్ యాప్ (మీ ఫోన్‌లోనే కోడ్ తయారుచేసేది) పెట్టుకోవాలి. మీ నంబరు మీద ఇంకొకడు సిమ్ తీసుకుంటే ఎస్ఎంఎస్‌లన్నీ వాడికే వెళ్తాయి.

సంతకం

పదాలు ఎవరికీ చెప్పకపోయినా డబ్బు పోతుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా మా గ్రూపులో కొత్తవాళ్లు నమ్మరు.

ఎథీరియం లాంటి నెట్‌వర్క్‌లలో మీరు ఒక సైట్‌కి వాలెట్ కలిపినప్పుడు మూడు రకాల పనులు జరగొచ్చు. కనెక్ట్ అంటే మీ అడ్రస్ వాళ్లకు చూపించడం, దాంతో డబ్బు కదలదు. బదిలీ అంటే ఇంత మొత్తం ఫలానా అడ్రస్‌కి పంపమని చెప్పడం, ఇది అందరికీ అర్థమవుతుంది. మూడోది అప్రూవల్. నా దగ్గరున్న ఫలానా టోకెన్‌ను ఈ స్మార్ట్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాం) తనంతట తాను తీసుకోవచ్చని రాసివ్వడం అది. ఒక టోకెన్ ఇచ్చి ఇంకోటి మార్చుకోవాలంటే ఇది అవసరమే. చిక్కల్లా మొత్తం దగ్గర. మళ్లీ మళ్లీ ఫీజు కట్టే పని లేకుండా చాలా సైట్లు పరిమితి లేని అప్రూవల్ అడుగుతాయి. మీరు యాభై డాలర్ల టోకెన్లు మార్చుకుని బయటికి వస్తారు, అనుమతి మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత అదే టోకెన్ ఐదు వేల డాలర్లది మీ వాలెట్‌లోకి వస్తే అదీ ఆ అనుమతి కిందికే వస్తుంది. సైట్‌లో డిస్కనెక్ట్ నొక్కితే ఈ అనుమతి రద్దు కాదు. విడిగా రివోక్ చేయాలి, దానికి కాస్త గ్యాస్ ఫీజు (లావాదేవీకి నెట్‌వర్క్ తీసుకునే రుసుము) అవుతుంది. ఇంకా చిక్కైనది పర్మిట్ అనే సంతకం. దానికి ఫీజు కూడా పడదు. ఉత్త లాగిన్ లాగే కనపడుతుంది, పని మాత్రం అప్రూవల్ పనే చేస్తుంది.

అందుకే దాచుకునేదానికి ఒక వాలెట్, ప్రయోగాలకు ఇంకో వాలెట్ పెట్టుకోమంటాను. దాచుకునేది హార్డ్‌వేర్ వాలెట్ అయితే మేలు. కీ ఆ చిన్న పరికరం దాటి బయటికి రాదు. దాన్ని ఏ కొత్త సైట్‌కీ కలపకూడదు. ప్రయోగాల వాలెట్‌లో పోయినా తట్టుకోగలిగినంతే ఉంచాలి.

హార్డ్‌వేర్ వాలెట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండే వీలూ లేదు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్చేంజ్ నుంచి సుమారు 4 లక్షల ఈథర్ (ఎథీరియం నాణెం), అప్పటి విలువలో 150 కోట్ల డాలర్లకు దగ్గరగా, పోయింది. ఆ వాలెట్‌కి ఒక్కరి సంతకం చాలదు, పలువురు పెట్టాలి. అందరూ పెట్టారు కూడా. వాళ్ల కంప్యూటర్ తెర మీద మామూలు బదిలీయే కనపడింది. ఆ తెరను తయారుచేసే సాఫ్ట్‌వేర్‌నే దొంగలు ముందుగా మార్చేశారు. నిజానికి వాళ్లు సంతకం పెట్టింది వాలెట్ పగ్గాలు పరాయివాళ్లకు అప్పగించే ఆదేశానికి. ఇది ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని ఎఫ్‌బీఐ ప్రకటించింది. మనలాంటి చిన్నవాళ్లకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. కంప్యూటర్ చూపించేదాన్ని కాకుండా, చేతిలోని పరికరం చిన్న తెర మీద ఏముందో చదివి సంతకం పెట్టాలి. అక్కడ అర్థం కాని అక్షరాల గుంపు కనపడితే, అర్థమయ్యేదాకా పెట్టకూడదు.

అడ్రస్ చదవడంలోనూ ఒక మెలిక ఉంది. ఎథీరియం అడ్రస్ 42 అక్షరాలుంటుంది. మనం మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి సరే అనుకుంటాం. దొంగలకు ఈ అలవాటు తెలుసు. అటూ ఇటూ సరిపోయేలా ఒక అడ్రస్ తయారుచేసి, దాంట్లోంచి మీకు ఒక చిల్లర లావాదేవీ పంపుతారు. అది మీ పాత లావాదేవీల్లో చేరుతుంది. తర్వాత ఎప్పుడో మీరు అక్కడినుంచి కాపీ చేసుకుంటే డబ్బు వాళ్లకే వెళ్తుంది. 2024 మేలో ఒకరు ఇలాగే 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు (ఎథీరియం మీద బిట్‌కాయిన్ విలువతో నడిచే టోకెన్లు), అంటే దాదాపు 6.8 కోట్ల డాలర్లు పంపేశారు. ఆ కేసులో దొంగ చాలావరకు తిరిగిచ్చాడు. అలా ఇస్తారని ఎవరూ ఆశపెట్టుకోకూడదు. అడ్రస్ నడిమధ్య భాగం కూడా చదవండి, ముందు చిన్న మొత్తం పంపి అందిందని అవతలివాళ్లను అడిగాకే మిగతాది పంపండి.

అందరి డబ్బు ఒకచోట

నలుగురు కలిసి పెట్టుబడి పెట్టినప్పుడు అందరికీ తోచే దారి, డబ్బంతా అడ్మిన్ వాలెట్‌లో వేయడం. అడ్మిన్ ఎంత మంచివాడైనా ఇది తప్పు. ఆయన ఫోన్ పోవచ్చు, ఆయన మోసపోవచ్చు, ఆయనకేమైనా కావచ్చు. అంత బరువు ఒక్క మనిషి మీద పెట్టడం ఆయనకూ అన్యాయమే.

దీనికి మల్టీసిగ్ ఉంది. ఐదుగురి దగ్గర ఐదు కీలు, వాళ్లలో ఏ ముగ్గురు సంతకం పెట్టినా డబ్బు కదులుతుంది. ఒకరు కీ పోగొట్టుకున్నా ఉమ్మడి డబ్బు చిక్కుకుపోదు, ఒకరు దారితప్పినా ఏమీ చేయలేరు. మా తొమ్మిది మందిలోనూ ఐదుగురి దగ్గరే కీలున్నాయి. ఎక్కువమందికి ఇస్తే అవసరానికి సంతకాలు దొరకవు.

అయితే లెక్క కాగితం మీద బాగుంటే సరిపోదు. 2022 మార్చిలో రోనిన్ అనే నెట్‌వర్క్ వంతెన (ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి డబ్బు మార్చేది) నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. అక్కడ 9 కీలు, అందులో 5 సంతకాలు కావాలి. వినడానికి గట్టిగానే ఉంది. కానీ నాలుగు కీలు ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. ఐదోదానితో సంతకం పెట్టించుకునే అనుమతి కొన్ని నెలల కిందట తాత్కాలికంగా ఆ కంపెనీకే ఇచ్చి, రద్దు చేయడం మరిచిపోయారు. ఒక్క కంపెనీలోకి చొరబడితే ఐదూ దొరికాయి. ఇంకా బాధ కలిగించే విషయం, డబ్బు పోయిన ఆరు రోజులకు గానీ ఎవరూ గమనించలేదు. మీ గ్రూపులో అన్నదమ్ములిద్దరి కీలు ఒకే ఇంట్లో ఒకే లాప్‌టాప్‌లో ఉంటే అవి రెండు కీలు కావు, ఒకటే. వారానికొకరు వంతు వేసుకుని ఉమ్మడి వాలెట్‌ను తెరిచి చూడటం చిన్న పనే, కానీ దాన్ని వదలొద్దు.

ఓట్ల సంగతి కూడా తేల్చుకోవాలి. ఎన్ని టోకెన్లుంటే అన్ని ఓట్లు అనే పద్ధతి న్యాయంగానే అనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో బీన్‌స్టాక్ అనే ప్రాజెక్టులో ఒకడు ఒకే లావాదేవీలో తీసుకుని తీర్చేసే ఫ్లాష్ లోన్ అనే అప్పుతో మూడింట రెండొంతులకు పైగా ఓట్లు సంపాదించి, డబ్బంతా తనకు పంపే ప్రతిపాదనను నెగ్గించుకున్నాడు. ప్రాజెక్టుకు 18 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఆ ప్రతిపాదన ఒక రోజు ముందు నుంచే అందరి కళ్లెదుటా ఉంది. చదివి ఆపినవాళ్లు లేరు. చిన్న గ్రూపులో మనిషికొక ఓటు పెట్టుకోండి. నిర్ణయానికీ బదిలీకీ మధ్య రెండు రోజుల గడువు ఉంచండి, ఆ రెండు రోజుల్లో చదివే బాధ్యత ఫలానా ఇద్దరిదని పేర్లతో రాసుకోండి.

బయటికి రావడం ఎలాగన్నది మొదటి రోజే మాట్లాడుకోవాలి. 2021 నవంబర్‌లో అమెరికా రాజ్యాంగం తొలి ముద్రణ ప్రతి ఒకటి వేలానికి వస్తే, దాన్ని కొనడానికి కాన్‌స్టిట్యూషన్‌డావో పేరుతో 17 వేల మందికి పైగా కలిసి కొద్ది రోజుల్లోనే 4 కోట్ల డాలర్లకు మించి పోగుచేశారు. ఎవరూ మోసం చేయలేదు. వేలంలో ఓడిపోయారు, అంతే. కానీ డబ్బు తిరిగి తీసుకునేటప్పుడు, కొద్దిగా ఇచ్చినవాళ్లకు వచ్చేదాంట్లో చాలా భాగం గ్యాస్ ఫీజులకే పోయే పరిస్థితి వచ్చింది. వంద డాలర్లు వేసిన మనిషి దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఎంత ఖర్చవుతుందో వేయకముందే తెలియాలి.

ఏది కొనాలి అన్నప్పుడు

గ్రూపులో ఉత్సాహం అంటువ్యాధి లాంటిది. ఒకరు స్క్రీన్‌షాట్ పెడతారు, పది మంది చప్పట్లు కొడతారు, అనుమానమున్నవాళ్లు పెళ్లిలో అపశకునం పలికినట్టవుతుందని నోరుమూసుకుంటారు. మేం ఒక నియమం పెట్టుకున్నాం. ఏ టోకెన్ ప్రతిపాదన వచ్చినా, వద్దు అని వాదించడానికి ఒకరిని ముందే నియమిస్తాం. వాళ్లకు నిజంగా నచ్చినా సరే, వాదించి తీరాలి. ప్రతిపాదించినవాళ్లు తమ దగ్గర అది ఎంతుందో, ఎప్పుడు ఎంతకు కొన్నారో ముందుగా చెప్పాలి. తక్కువకు కొని, గ్రూపుకు చెప్పి, ఆ కొనుగోళ్ల మీద అమ్ముకోవడం ఈ రంగంలో రోజూ జరిగేదే.

కొద్దిగా కొని, వెంటనే అందులో కొంత అమ్మి చూడండి. 2021లో ఒక పాపులర్ కొరియన్ సిరీస్ పేరు వాడుకుని పుట్టిన టోకెన్ 2,800 డాలర్లు దాటి, నవంబర్ 1న నిమిషాల్లో సున్నాకు పడింది. అప్పటికే చాలామంది అమ్మలేకపోతున్నామని మొత్తుకుంటున్నారు. కొనే దారి ఒక్కటే తెరిచి ఉన్నప్పుడు ధర పైకే వెళ్తుంది. అది చూసి ఇంకొందరు కొన్నారు.

వడ్డీ ఇస్తామన్న చోట, ఆ వడ్డీ ఎవరి జేబులోంచి వస్తోందో అడగండి. టెర్రా స్టేబుల్‌కాయిన్ (విలువ ఒక డాలర్ దగ్గరే నిలబడాల్సిన నాణెం) మీద ఏడాదికి 20 శాతానికి దగ్గరగా ఇచ్చేవారు. అప్పు తీసుకునేవాళ్లు కట్టే వడ్డీ దానికి చాలక, నిల్వలోంచి తీసి ఇచ్చేవారు. 2022 మేలో అది కుప్పకూలితే టెర్రా, దాని జంట టోకెన్ లూనా కలిపి సుమారు 4,000 కోట్ల డాలర్ల విలువ ఆవిరైంది. మోసం లేని చోట కూడా దెబ్బ తక్కువ కాదు. 2021 నవంబర్‌లో 69 వేల డాలర్ల దాకా వెళ్లిన బిట్‌కాయిన్, ఏడాది తిరిగేసరికి 16 వేల లోపుకు వచ్చింది. అప్పు చేసి గ్రూపులో డబ్బు వేస్తానన్నవాళ్లను మేం చేర్చుకోం.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఒక రోజు ఎవరో ఒకరి వాలెట్ ఖాళీ కావడం మొదలవుతుంది. అప్పుడు ముందు మిగిలినదాన్ని కాపాడాలి, మాటలు తర్వాత. పదాలే బయటపడితే, వేరే శుభ్రమైన ఫోన్‌లో కొత్త పదాలతో కొత్త వాలెట్ తెరిచి ఉన్నదంతా అందులోకి మార్చాలి, పాత వాలెట్‌లో అనుమతులు రద్దు చేస్తూ కూర్చుంటే లాభం లేదు. చెడ్డ అప్రూవల్ వల్ల అయితే ఆ అనుమతి రద్దు చేస్తే ఆగుతుంది. ఆ తర్వాత సైబర్ పోలీసులకూ, దొంగ డబ్బు ఏ ఎక్స్చేంజ్‌కి చేరిందో కనపడితే ఆ ఎక్స్చేంజ్‌కీ లావాదేవీ వివరాలతో వెంటనే రాయాలి. యూఎస్‌డీటీ, యూఎస్‌డీసీ లాంటి స్టేబుల్‌కాయిన్లను వాటి కంపెనీలు స్తంభింపజేయగలవు, సమయానికి చెబితే ఒక్కోసారి డబ్బు ఆగుతుంది. పోయినదాన్ని రప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అంటూ ఎవరో తప్పకుండా వస్తారు. వాళ్లకు ఒక్క డాలర్ కూడా ఇవ్వొద్దు, అది రెండో దొంగతనం.

సిగ్గుపడి దాచొద్దు కూడా. పోగొట్టుకున్నవాళ్లు గ్రూపులో రెండు విషయాలు పెడితే చాలు: ఏ సైట్‌లో సంతకం పెట్టారో దాని లింకు, నొక్కడానికి వీల్లేకుండా విడగొట్టి, ఆ తర్వాత డబ్బు వెళ్లిన అడ్రస్. మిగతావాళ్లు తమ అప్రూవల్స్ జాబితా తెరిచి అదే కాంట్రాక్ట్ ఉందేమో వెతుక్కుంటారు. మా గ్రూపులో అలా ఒకసారి వెతికితే, ఇంకో ఇద్దరి వాలెట్లలో అదే అనుమతి ఇంకా తెరిచే ఉంది.